బాకావన్‌లో నిజంగా దగ్గినవాళ్ళు

పాసిగ్, మనీలా
జూన్ 10

తియా పూరింగ్‌కు,

దీవెన కోసం నీ చెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాననుకో.

ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులైంది. మా కంపెనీ దగ్గుమందు, తలనొప్పి లేపనం, పళ్ళపొడి చేస్తుంది. నీ దుకాణంలో తోరణంలా వేలాడే ఆకుపచ్చ ప్యాకెట్లు, వావిలాకు దగ్గుమందువి, మావే. నేను పనిచేసేది సామాజిక, పర్యావరణ బాధ్యతల విభాగంలో. పేరు పొడుగే గాని విభాగంలో ఉన్నది ముగ్గురం. విల్యఫ్లోర్ మేడమ్, నేను, ఒక ప్రింటరు. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది ప్రింటరే.

ఏడాది చివర కంపెనీ ఒక పుస్తకం వేస్తుంది. మనుషులకీ సముద్రానికీ తను ఏం మేలు చేసిందో అందులో చెప్పుకుంటుంది. అది రాయడానికే నన్ను తీసుకున్నారు. ఆరు నెలలు పరీక్ష. డిసెంబరులో ఉంచుకోవాలో పంపెయ్యాలో చెబుతారు.

సోమవారం సమావేశంలో మేడమ్ ఒక ప్రశ్న వేశారు. మందు తాగేశాక ఆ ప్యాకెట్ ఎక్కడికి పోతుంది అని. "మా ఊళ్ళో అయితే సముద్రంలోకి పోతుంది" అని ఎవరో అన్నారు. అన్నది నేనేనని అందరూ నా వైపు తిరిగాక తెలిసింది. నేల చూస్తూ మిగతాది కూడా చెప్పేశాను. మా దగ్గర సీసా ఎవరూ కొనరు, ఇవాళ్టి దగ్గుకి ఇవాళ ఒక ప్యాకెట్ కొంటారు, రేపటి సంగతి రేపు. దుకాణం నుంచి వెళ్ళింది కాబట్టి ఖాళీది దుకాణానికే తిరిగి రావాలి అన్నాను. కాగితం మీద పెట్టమన్నారు. పెట్టాను.

ఇప్పుడది పథకం అయింది. సముద్రం ఒడ్డున పన్నెండు ఊళ్ళు. ఖాళీ ప్యాకెట్లు దుకాణంలో పోగు చేస్తే మా సరుకు పడవ వెనక్కి తీసుకెళుతుంది. అక్టోబరు చివరికి ఏ ఊరు ఎక్కువ తెస్తే ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి వాన నీళ్ళ ట్యాంకు, వడపోతతో సహా. పన్నెండులో బాకావన్ ఒకటి. నేను పెట్టలేదు, మేడమే పటం చూసి వేలు పెట్టారు. నువ్వు మా అమ్మ చెల్లెలివని, నన్ను పెంచావని నేను చెప్పలేదు. నువ్వూ ఎవరితో అనకు.

పథకం నిలిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. ఈ పని నాకు నచ్చింది తియా. అది నాకే ఆశ్చర్యంగా ఉంది.

ఫోను చెయ్యనందుకు కోప్పడకు. సిగ్నల్ కోసం నువ్వు సముద్రపు గట్టెక్కి అరుస్తావు, ఊరంతా వింటుంది. ఈ ఉత్తరం దగ్గుమందు పెట్టె అడుగున పెట్టించాను.

అడెల్ఫా


బాకావన్
జూలై 2

ఇందాయ్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, కాస్త అన్నం కూడా పెట్టాలి. పోయినసారి ఫోటోలో మెడ ఎముకలు కనిపించాయి.

నువ్వు నలుగురిలో నోరు విప్పావని చదివి పెట్టె మీద కూర్చుండిపోయాను. పదేళ్ళప్పుడు నిన్ను ఉప్పు తెమ్మని పక్కింటికి పంపితే, అడగడానికి సిగ్గేసి గుమ్మంలో నిలబడి, వాళ్ళు పెట్టిన అరటిపండు తిని వచ్చావు. ఆ పిల్ల మనీలాలో పథకం పెట్టిందంటే మీ అమ్మ పైనుంచి వింటూ ఉండాలి.

నీ పథకం సంగతి. దుకాణం ముందు గోనెసంచి కట్టాను. పైన అట్ట మీద పెద్దక్షరాలతో రాశాను, ఖాళీ ప్యాకెట్లు ఇక్కడ వెయ్యండి, ఊరికి ట్యాంకు వస్తుంది అని. మూడు వారాలైంది. సంచిలో పడ్డవి పద్నాలుగు ప్యాకెట్లు, ఒక చెప్పు, ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. పళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు.

జనాన్ని అనడానికి లేదు. ట్యాంకు ఎప్పుడో అక్టోబరులో. చేతిలో ప్యాకెట్ ఇప్పుడు. సముద్రం నాలుగడుగుల దూరం.

తేదోరా మాత్రం వచ్చింది. నలభై ఏళ్ళ కిందట పండగ రాణి అయినప్పటి నుంచి ఆవిడ మెడ తిప్పడం మానేసింది కదా, కళ్ళు మాత్రం సంచి వైపు తిప్పి, "చెత్త కూడా అమ్ముతున్నావా పూరింగ్?" అంది. నేను నవ్వాను. ఎలా నవ్వానో నీకు తెలుసు.

నువ్వు దిగులు పెట్టుకోకు. నాకో ఉపాయం తోచింది. కాపితాన్ బెర్నాబేతో మాట్లాడాను, ఆయనకి నచ్చింది. ఊరి పెద్ద కదా, ఆయనకి అన్నీ నచ్చుతాయి. ఏమిటో ఇప్పుడు చెప్పను. పని అయ్యాక చెబుతాను.

మీ దగ్గుమందు ఇంకో నాలుగు పెట్టెలు పంపించమని మీవాళ్ళతో చెప్పు.

నీ తియా


పాసిగ్
ఆగస్టు 8

తియా పూరింగ్‌కు,

నీ చెయ్యి నా నుదుటికి.

సరుకు పడవ బాకావన్ నుంచి పదకొండు సంచులు తెచ్చింది. మిగతా పదకొండు ఊళ్ళవీ కలిపి మూడు. మేడమ్ ఆ సంచుల చుట్టూ రెండుసార్లు తిరిగారు. అప్పటిదాకా నన్ను "ఆ అమ్మాయి" అనేవారు, ఆ రోజు నుంచి అడెల్ఫా అంటున్నారు. సంచుల ఫోటో పుస్తకం అట్ట మీద వేస్తారట.

అమ్మకాల విభాగం వాళ్ళు కూడా మా గదికి వచ్చారు. వాళ్ళు మా గదికి రావడం ఇదే మొదలు, కుర్చీలు చాలక ప్రింటరు మీద చేతులు ఆనించి నిలబడ్డారు. మీ వైపు దగ్గుమందు అమ్మకం ఆరింతలైందట. బాధ్యతగా ఉంటే అమ్మకం పెరుగుతుందని మేం ఎప్పుడూ చెబుతూనే ఉన్నాం అన్నారు. ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు.

నేను మెట్ల మీద కూర్చుని భోజనం చేస్తూ పుస్తకం చదువుకునేదాన్ని. ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటున్నారు. పుస్తకం ముందుకు సాగడం లేదు.

నీ ఉపాయం ఏమిటో చెప్పు. మేడమ్ అడుగుతున్నారు. నేను రాయాలి కదా.

అడెల్ఫా


బాకావన్
ఆగస్టు 25

ఇందాయ్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఉపాయం చాలా చిన్నది. డిసెంబరు ఎనిమిదిన మన పండగ కదా. పండగ రాణిని ఎలా ఎన్నుకుంటాం? ఎవరి పేరు మీద ఎక్కువ ఓటు టిక్కెట్లు కొంటే వాళ్ళే రాణి, ఆ డబ్బు గుడికి. ఈసారి టిక్కెట్లు వద్దు, ఖాళీ ప్యాకెట్టే ఓటు అన్నాను. ఒక ప్యాకెట్, ఒక ఓటు. గుడికి ఏమొస్తుంది అని ఫాదర్ అడిగారు. నీళ్ళ ట్యాంకు వస్తుంది ఫాదర్, ఆరోగ్య కేంద్రం గుడి గోడకి ఆనుకునే ఉంది, ఒక కుళాయి ఇటు తిప్పుకోండి అన్నాను. ఒప్పుకున్నారు.

ఊరు ఎలా మారిపోయిందో చూడాలి నువ్వు. ఒడ్డున నడిస్తే ఒక్క ప్యాకెట్ కనిపించదు. పడవవాళ్ళు వలలో పడ్డవి కూడా కడిగి తెస్తున్నారు. ఓడల మీద పనిచేసే తేదోరా కొడుకులు అమ్మకి ఓట్ల కోసం అని డబ్బు పంపారు.

అవును, తేదోరా మళ్ళీ నిలబడింది, అరవై రెండేళ్ళకి. ఊళ్ళో ఆడపిల్లలేరీ? అందరూ ఇలోయిలో పట్నంలో ఏసీ కింద నిలబడి బట్టలు అమ్ముతున్నారు. అందుకే ఈసారి ఉన్నవాళ్ళలోంచే రాణి అన్నాడు కాపితాన్. పోటీలో ఇద్దరు. రెండో ఆవిడ నీకు తెలిసినావిడే, చెప్పుకోదగ్గ మనిషేం కాదు.

మిగతా అంతా మామూలే. ఈ నెల చీమలు ఎక్కువగా ఉన్నాయి. ఎందుకో తెలియదు. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్నాం.

ఇంకో పది పెట్టెలు కావాలి.

నీ తియా


పాసిగ్
సెప్టెంబరు 12

తియా పూరింగ్‌కు,

నీ చెయ్యి నా నుదుటికి.

ఒక చిక్కు వచ్చింది. మందుల విభాగం వాళ్ళు అమ్మకాల పట్టిక చూశారు. మా విభాగానికి ఆ అంకెలు సంతోషం, అమ్మకాల విభాగానికి పండగ, వాళ్ళకి మాత్రం భయం. రెండు వందల ఇళ్ళున్న ఊరు నెలలో ఇంత దగ్గుమందు తాగిందంటే ఏదో అంటు దగ్గు మొదలైందని అనుకుంటున్నారు. డాక్టర్ సాల్దివార్ అని పెద్దాయన, చాలా నెమ్మదస్తుడు, ఇద్దరు నర్సుల్ని తీసుకుని వచ్చే వారం మీ ఊరు వస్తున్నారు.

ఒక్క మాట చెప్పు. ఊళ్ళో నిజంగా అందరికీ దగ్గుందా? నీకుందా? ఉంటే నేను సెలవు పెట్టి వస్తాను.

అడెల్ఫా


బాకావన్
సెప్టెంబరు 24

ఇందాయ్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గట్టెక్కి అరిస్తే అవతలి దీవిలో కోళ్ళు లేస్తున్నాయి. సెలవు పెట్టకు.

డాక్టరుగారు వచ్చి వెళ్ళారు. బంగారంలాంటి మనిషి. మూతికి గుడ్డ కట్టుకుని పడవ దిగారు. ఆయన అంత దూరం వచ్చినందుకు ఊరు ఊరంతా ఆరోగ్య కేంద్రం ముందు నిలబడింది. ఆయన అడిగినప్పుడల్లా దగ్గారు. కాపితాన్ అందరికంటే ముందు దగ్గి చూపించాడు, ఊరి పెద్ద కదా. ఫాదర్ దగ్గలేదు గాని గొంతు సవరించుకున్నారు.

తర్వాత పందిని కాల్చి పెట్టాం. నర్సులిద్దరూ రెండోసారి పెట్టించుకున్నారు. డాక్టరుగారు మాత్రం తినకుండా అందరివైపూ చూస్తూ కాగితం మీద ఏదో రాసుకున్నారు. బాగా చదువుకున్నవాళ్ళు తిండి దగ్గర అలాగే ఉంటారు, నీలాగే.

వెళ్ళేటప్పుడు నా దుకాణం ముందు ఆగి నేల చూశారు. "ఇక్కడ చీమలు చాలా ఉన్నాయే?" అన్నారు. వానాకాలం కదా డాక్టరుగారూ అన్నాను.

అంతే. భయపడాల్సింది ఏమీ లేదు. పెట్టెలు ఆలస్యం చెయ్యకండి.

నీ తియా


పాసిగ్
అక్టోబరు 9

తియా,

డాక్టర్ సాల్దివార్ నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. అందులో మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అన్ని వయసుల వారిలోనూ పొడి దగ్గు కనిపించింది, జ్వరం లేదు. అడిగిన వెంటనే దగ్గు మొదలవుతుంది. భోజనం వడ్డించగానే పూర్తిగా ఆగిపోతుంది."

దాని కింద పెన్సిల్‌తో, "చీమల సంగతి చూడవలెను" అని రాశారు.

వావిలాకు మందులో సగం చక్కెర పాకం. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివాను. చీమలు ఎప్పుడు వచ్చాయో, పెట్టెలు ఎప్పుడు అడిగావో పక్కపక్కన రాసుకున్నాను. నువ్వు చెప్పనిది నీ ఉత్తరాల్లోనే ఉంది.

మందు తాగడానికి కొనలేదు. పారబోసి ప్యాకెట్ కోసం కొన్నారు. అవునా?

సముద్రంలోకి పోయే ప్యాకెట్లు తగ్గించాలని ఈ పని మొదలుపెట్టాం. ప్యాకెట్లే పెరిగాయి. సగం అవసరమే లేనివి. అట్ట మీదికి ఫోటో సిద్ధమైంది, దాని కింద నా వాక్యం ఉంది. కాన్వెంటులో అబద్ధం ఉన్న వాక్యం రాస్తే సిస్టర్ ఎస్కొలాస్తికా తిట్టేవారు కాదు. కాగితం వెనక్కిచ్చి, మళ్ళీ రాయి అనేవారు. నెలాఖరుకి పుస్తకం అచ్చుకి పోతుంది. నేను మళ్ళీ రాయాలో వద్దో నువ్వు చెప్పాలి.

ఆ రెండో ఆవిడ ఎవరు?

అడెల్ఫా


బాకావన్
అక్టోబరు 17

ఇందాయ్,

ఈసారి నీ చెయ్యి నా నుదుటికి.

రెండో ఆవిడ నేనే.

నీకు చెప్పలేదు, నవ్వుతావని. కాదు, నవ్వవని. నువ్వు నవ్వకుండా చూస్తావే, అది నాకు భయం. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు రాణి పోటీకి నిలబడ్డాను. మా నాన్న పంది అమ్మి టిక్కెట్లు కొన్నాడు. చివరి గంటలో తేదోరా వాళ్ళ నాన్న, పడవలున్నాయి కదా, మిగిలిన టిక్కెట్ల కట్ట మొత్తం కొనేశాడు. నా జుట్టులో పూలు అప్పటికే పెట్టేశారు. ఆ పూలతోనే ఇంటికి నడిచి వచ్చాను. ఆ నడక ఇంకా అవలేదు నాకు.

మొదటి రెండు వారాలు అంతా నిజమే. ఒడ్డున ఏరినవి, గోడ సందుల్లో ఇరికించినవి. అవి అయిపోయాక ఓట్లు ఆగిపోయాయి. అప్పుడు తేదోరా ఒక పెట్టె నిండా ప్యాకెట్లు కొని, నా దుకాణం ముందే నిలబడి, ఒక్కొక్కటీ కత్తిరించి కాలువలో పిండింది. నేను చూస్తూ ఊరుకున్నాను. మర్నాడు నావాళ్ళు నా కోసం అదే చేశారు. నేను కత్తెర అందించాను. నేను దగ్గర దగ్గరగా రెండు పెట్టెలు నా చేత్తోనే కత్తిరించాను. పారబొయ్యడానికి మనసొప్పక మూడు పెద్ద సీసాల్లో పోశాను. మూతలు పెట్టినా చీమలకి దారి తెలుసు. కాలువ నీళ్ళు పచ్చగా అయ్యాయి. పీతలు పైకొచ్చి పడుకున్నాయి. రాణిగారి పాలనలో పీతలకి కూడా దగ్గు రాదు అని కాపితాన్ హాస్యమాడాడు. అందరం నవ్వాం. నేను కూడా.

నీ ఉత్తరం రాకముందే నవ్వు ఆగిపోయింది. ఎలాగో చెబుతాను.

పోయిన మంగళవారం తలుపు తీసేసరికి తేదోరా మెట్టు మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. మెడ కిందికి వంగిపోయింది. నలభై ఏళ్ళలో మొదటిసారి.

"పూరింగ్, ఒక ప్యాకెట్ ఇయ్యి" అంది.

"ఎవరి ఓటుకి?" అన్నాను.

"ఓటుకి కాదే. దగ్గుకి."

ప్యాకెట్లు వేలాడే తీగ వైపు చేయి చాపాను. తీగ ఖాళీ. పెట్టె తీశాను. ఖాళీ. కాపితాన్ ఇంటికి పరిగెత్తాను, పక్కింటికి పరిగెత్తాను. ఊళ్ళో నాలుగు వేల ప్యాకెట్లు కత్తిరించాం, మందున్నది ఒక్కటి లేదు. సీసాల్లో ఉన్నది ఇవ్వనా అనుకున్నాను. ఎన్నాళ్ళదో తెలియదు, ఎన్ని చీమలు మునిగాయో తెలియదు. శత్రువుకైనా పొయ్యలేం అది. ఆవిడ శత్రువు కూడా కాదు, పొద్దున్నే వచ్చి మెట్టు మీద కూర్చున్న మనిషి.

ఆరోగ్య కేంద్రం కంచెకి వావిలి ఉంది కదా. ఆకు తెంపి, కడిగి, కాచి ఇచ్చాను. చేదుకి మొహం చిట్లించి తాగింది. నువ్వు చిన్నప్పుడు అలాగే తాగేదానివి. ఆయాసం తగ్గాక నర్సుకి చూపించాను, భయం లేదంది. సాయంత్రం దాకా నా కొట్లోనే కూర్చుంది తేదోరా.

"మా నాన్న ఆ టిక్కెట్లన్నీ కొంటున్నాడని నాకు తెలుసు. వద్దనలేదు" అంది.

"నేను కూడా ఈసారి ఎవర్నీ వద్దనలేదు" అన్నాను.

ఆవిడ దగ్గింది, నేను విసనకర్రతో విసిరాను.

మళ్ళీ రాయి ఇందాయ్. నీ ఉద్యోగం పోతే నా పాపం. కాని నువ్వు రాయకపోతే నేను నిన్ను ఏం పెంచినట్టు.

నీ తియా


పాసిగ్
అక్టోబరు 28

తియా పూరింగ్‌కు,

నీ చెయ్యి నా నుదుటికే. తారుమారు చెయ్యకు.

నీ ఉత్తరం తీసుకుని మేడమ్ గదికి వెళ్ళాను. నువ్వు నాకు ఏమవుతావో ముందు చెప్పాను, తర్వాత మిగతాది. "డాక్టరు ముందు ఊరంతా దగ్గిందా?" అని అడిగారు. ఫాదర్ గొంతు మాత్రమే సవరించుకున్నారు అన్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. కళ్ళద్దాలు పెట్టుకున్నాక నవ్వలేదు. ఇది అచ్చు వెయ్యడానికి పనికిరాదు అన్నారు.

"వేస్తే ఇదే వెయ్యాలి మేడమ్. లేకపోతే ఆ పేజీ మీద నా పేరు తీసెయ్యండి."

అది నేనే అన్నాను. ఈసారి నేల చూడలేదు, ఆమె బల్ల మీద ఉన్న పూలకుండీ చూశాను.

ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. ఒక షరతు పెట్టారు. అబద్ధం ఎంతో తెలిసింది, నిజం ఎంతో తెలియాలి. బాకావన్‌లో నిజంగా దగ్గుకి వాడిన ప్యాకెట్లు ఎన్ని? మందుల విభాగం ముందు, అమ్మకాల విభాగం ముందు నిలబడి నేను చెప్పగలిగే అంకె కావాలి. అచ్చు మూడు వారాలు ఆపుతానన్నారు. నవంబరు ఇరవైకి అంకె వస్తే పేజీ ఉంటుంది. రాకపోతే పథకం మొత్తం పుస్తకంలోంచి పోతుంది, దాంతోపాటు నేను.

సీసాల్లోది కాలువలో పొయ్యకు. మూతలు బిగించి పడవలో పంపు, మా ఫ్యాక్టరీ తీసుకుంటుంది. కొత్త పెట్టె ఒకటే పంపుతున్నాను. దగ్గినవాళ్ళకి మాత్రమే అమ్ము.

నాకు ఎవరి లెక్కా అక్కర్లేదు తియా, నీ లెక్క కావాలి.

అడెల్ఫా


బాకావన్
నవంబరు 15

ఇందాయ్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. పూలకుండీ చూశావా. ఇంకో రెండేళ్ళకి మనుషుల్ని చూస్తావు.

అంకె తేవడానికి నేను పడ్డ పాట్లు విను. ముందు ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అందరూ నిజమే చెప్పారు, నాకు నచ్చే నిజం. నా వైపు వాళ్ళు తెగ దగ్గామన్నారు. తేదోరా వైపు వాళ్ళు అంతకంటే ఎక్కువ దగ్గామన్నారు. చేతులెత్తిద్దాం అన్నాడు కాపితాన్, ఎత్తాడు కూడా. ఆయన దగ్గింది డాక్టరు ముందు ఒక్కసారే.

తేదోరాయే దారి చెప్పింది. ఎవరూ చూడకపోతే మనుషులు అబద్ధం చెప్పడానికి బద్ధకిస్తారు అంది. నా కొట్లో వెనక గదికి తెర కట్టాం. లోపల రెండు గాజు సీసాలు, ఒకదాని మీద ఆవిడ పేరు, ఒకదాని మీద నాది. పక్కన బుట్టలో మొక్కజొన్న గింజలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, నిజంగా దగ్గొచ్చి తాగిన ప్యాకెట్‌కి ఒక గింజ, అప్పుడు ఎవరి పేరు మీద ఓటేశారో ఆ సీసాలో వెయ్యాలి. మిగతా ఓట్లన్నీ రద్దు. ఫాదర్ గుడిలో చెప్పారు, ఆ తెర వెనక ఎవరు ఏం చేశారో తను అడగను, అడిగేవాడు వేరే ఉన్నాడు అని. గొంతు మళ్ళీ సవరించుకున్నారు.

రెండు రోజులు వచ్చారు. కొందరు లోపలికి వెళ్ళి ఒక్క గింజా చప్పుడు కాకుండా బయటికి వచ్చారు. వాళ్ళనే నేను ఎక్కువ గౌరవించాను.

అందరి కంటే చివర నేను వెళ్ళాను. గాజు సీసాలు కదా, కళ్ళకి తెలుస్తుంది. ఆవిడ సీసాలో వేలి మందం ఎక్కువ. నాకు ఈ ఏడాది ఒక్కసారీ దగ్గు రాలేదు. అయినా గుప్పిట్లోకి గింజలు తీసుకున్నాను. ఏడు. తెర అవతల తేదోరా దగ్గుతోంది, ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ దగ్గు వింటూ చాలాసేపు నిలబడ్డాను. ఇందాయ్, నీ ఉద్యోగం గుర్తొచ్చి ఆగాను అంటే నీకు బాగుంటుంది. కాని నాకు గుర్తొచ్చింది జుట్టులో పూలతో నడిచి వచ్చిన ఆ సాయంత్రం. ఇంకొకరిని అలా నడిపించాలనిపించలేదు.

వెనక తలుపు తీసి ఆ ఏడు గింజలూ కోడికి వేశాను.

తర్వాత వాకిట్లో బల్ల వేసి, అందరి ముందు, గింజ గింజా లెక్కపెట్టాను. తేదోరా తొంభై ఆరు. నేను తొంభై రెండు.

నాలుగు. కోడి కడుపులో ఏడు ఉన్నాయి. అది నా వైపు చూస్తూ తిరుగుతోంది.

కాబట్టి నీ అంకె నూట ఎనభై ఎనిమిది. ఎవరి ముందైనా నిలబడి చెప్పు. తేదోరాకి కిరీటం నేనే పెట్టాలట, ఆవిడ కోరిక. పెడతాను. జుట్టు పలచబడింది ఆవిడకి, పిన్నులు ఎక్కువ కావాలి.

ఈ ఉత్తరంతో ఒక ఖాళీ ప్యాకెట్ పెడుతున్నాను. కొత్త పెట్టెలో మొదటిది. నిన్న తేదోరా దగ్గి తాగింది, నేను చూశాను. కడిగి ఆరబెట్టాను. ఇది లెక్కలో లేదు, నీ కోసం.

నీ తియా


పాసిగ్
డిసెంబరు 1

తియా పూరింగ్‌కు,

నీ చెయ్యి నా నుదుటికి.

పుస్తకం అచ్చయింది. అట్ట మీద సంచుల ఫోటో లేదు, సముద్రం ఉంది. మన పేజీ నలభై ఒకటి. బాకావన్ నుంచి తిరిగొచ్చినవి 4,316, అందులో పథకం మొదలయ్యాక దగ్గుకి వాడినవి 188 అని మొదటి వాక్యం. ఎందుకలా జరిగిందో తర్వాతి మూడు పేరాలు. బహుమతి పెట్టింది మేము, ఖాళీల్ని లెక్కపెట్టి వాడకాన్ని అడగనిది మేము అని చివర రాశాను. మేడమ్ ఆ వాక్యం రెండుసార్లు చదివి, "మేము" కింద గీత గీసి, అలాగే ఉంచారు.

మిగతా పదకొండు ఊళ్ళకీ తెరలు, మొక్కజొన్న గింజలు పంపించారు. ఇంకో మూడు ఊళ్ళలోనూ ఇలాంటి రాణులు బయటపడ్డారు. ట్యాంకు లావిస్ అనే ఊరికి వెళ్ళింది. అక్కడ రాణి లేదు, ఒక ముసలి టీచరు ఉంది. ఫాదర్‌కి కుళాయి సంగతి నువ్వే చెప్పాలి. వచ్చే ఏడాది పథకంలో బహుమతి లేదు. పంచాయతీ కంచెల వెంట వావిలి నాటిస్తారు, ప్యాకెట్ వెనక్కిస్తే తర్వాతి ప్యాకెట్ కాస్త చవక, అంతే. అమ్మకాల విభాగం వాళ్ళు మా గదికి రావడం మానేశారు. మెట్ల మీద నా పుస్తకం మళ్ళీ ముందుకు సాగుతోంది.

నా ఉద్యోగం ఉండలేదు, పోలేదు. మరో మూడు నెలలు పరీక్ష అన్నారు. డాక్టర్ సాల్దివార్ మాత్రం మెట్ల దగ్గర ఆగి, మీ ఊరి పంది మాంసం తినకపోవడం ఆయన వృత్తిలో చేసిన పెద్ద తప్పు అన్నారు.

ఏడో తేదీ సరుకు పడవలో వస్తున్నాను. తేదోరా పిన్నులకి నేను సాయం పడతాను. నువ్వు జుట్టులో పూలు పెట్టుకో, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తిరిగి ఇంటికి కలిసి నడుద్దాం.

ఇంకొక సంగతి. ప్రతి పట్టిక కింద ఆ అంకె ఎక్కడిదో చెప్పాలని మా నియమం. మిగతా చోట్ల విభాగాల పేర్లు, సంస్థల పేర్లు ఉన్నాయి. నలభై ఒకటో పేజీలో చిన్న అక్షరాలతో నేను రాసింది ఇది. ఎవరూ మార్చలేదు.

"లెక్కించినవారు: పురిఫికాసియోన్ దెలా రామా, దుకాణదారు, బాకావన్. నాలుగు ఓట్ల తేడాతో ఓడిన అభ్యర్థి."

అడెల్ఫా